వెళ్ళిన బిడ్డ తిరిగి రావాలా?

ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి గుడి మెట్ల దగ్గర ఆగి నన్నొక మాట అడిగింది. ఆమె కుమార్తె క్యాన్సర్ మీద పరిశోధన చేసి డాక్టరేటు పూర్తిచేసింది. యూరప్‌లోని ఒక సంస్థలో రెండేళ్ళు పనిచేయడానికి ఫెలోషిప్ వచ్చింది. "పంపడానికి భయం లేదండీ. కానీ చదువయ్యాక తిరిగి వస్తానని ముందే మాట తీసుకోమని మావాళ్ళు అంటున్నారు. అలా తీసుకోవడం న్యాయమేనా?" అన్నది. ఆ క్షణాన సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇలాంటి ప్రశ్న మరెన్నో ఇళ్ళలో ఉండవచ్చు కనుక ఇక్కడ కొంచెం ఆలోచిద్దాం.

ఈ ఫెలోషిప్‌లు ఎందుకు పుట్టాయి? 1963లో ఫ్రాన్సులో కొందరు ప్రముఖులు తమ అధ్యక్షుడు డిగాల్‌కు ఒక విన్నపం పంపారు. పెద్ద దేశాలు తమ సైనిక బడ్జెట్టులో అర శాతం తీసి క్యాన్సర్‌పై పోరాటానికి ఇవ్వాలని కోరారు. అంత సొమ్ము ఎవరూ ఇవ్వలేదు. కానీ ఆ ఆలోచన ఫలితంగా 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఏర్పడింది. దాని కేంద్రం ఫ్రాన్సులోని లియోన్ నగరం. మరుసటి సంవత్సరం నుంచే అది యువ పరిశోధకులకు ఫెలోషిప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. పేద, మధ్యాదాయ దేశాలవారికి ప్రత్యేక అవకాశం కల్పించింది.

దీని అవసరం ఒక్క లెక్కతో తెలుస్తుంది. 2022లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ప్రపంచంలో సుమారు 3,50,000 మంది స్త్రీలు మరణించారు. వారిలో నూటికి 94 మంది పేద, మధ్యాదాయ దేశాలవారే. జబ్బు ఎక్కువగా చంపేది ఒకచోట, దాన్ని గురించి ఆలోచించే ప్రయోగశాలలు ఎక్కువగా ఉన్నది మరొకచోట.

అందువల్ల "తిరిగి రావాలి" అనేవారి మాటలో బలముంది. ఆ అమ్మాయి చదువుకు ప్రభుత్వ సొమ్ము, అంటే పన్ను కట్టిన కూలీ, రైతు సొమ్ము కూడా ఖర్చయింది. ఆమె అక్కడే ఉండిపోతే పేద దేశం తన ఖర్చుతో ధనిక దేశానికి మనిషిని తయారుచేసి ఇచ్చినట్లే కదా!

అయితే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోండి. 1920ల తొలి సంవత్సరాలలో, మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో ఆయన అమెరికా వెళ్ళారు. తిరిగి రాలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు. ఆయన బృందం తయారుచేసిన మందులతోనే ఆ సంవత్సరాలలో బోస్టన్‌లో రక్త క్యాన్సర్ సోకిన పసిపిల్లలకు మొదటిసారి, కొద్దికాలమే అయినా, ఉపశమనం దొరికింది. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా ఆయన నాయకత్వంలో వచ్చినదే. బోదకాలుతో బాధపడిన గోదావరి జిల్లాలకు ఆయన రాలేదు గాని, మందు వచ్చింది. ఆయన అప్పు తీర్చలేదని ఎవరనగలరు?

కానీ తొందరపడి ఆయన్ను సాకుగా చేసుకోవద్దు. అందరూ సుబ్బారావులు కారు. పైగా ఆయన భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన ఘనతను లెక్కించేటప్పుడు ఆమె ఎదురుచూపును లెక్కలో నుంచి కొట్టివేయడం న్యాయం కాదు.

మరో ఉదాహరణ చూద్దాం. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1,31,746 మంది స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. జీవితంలో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసినా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని అది తేల్చింది. ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ముంబయిలోని టాటా స్మారక కేంద్రంతో కలిసి దీన్ని నడిపించిన డాక్టర్ శంకరనారాయణన్ తిరువనంతపురం నుంచి లియోన్ వెళ్ళి పనిచేసినవారు. ఆయన ఉద్యోగం లియోన్‌లో. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మన పల్లెది: మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి రాలేని స్త్రీని ఒక్క పరీక్షతో ఎలా కాపాడాలి?

కనుక అప్పు ఉన్నమాట నిజం. దాన్ని మనిషి ఎక్కడ నివసిస్తున్నాడన్న దానితో మాత్రమే కొలవలేం. ఎవరి బాధ గురించి పనిచేస్తున్నాడన్నదే అసలు కొలత.

మరి మన వంతు ఏమిటి? తిరిగి వచ్చిన పరిశోధకురాలికి పరికరం లేకపోతే, రోజంతా రోగుల వరుసే తప్ప పరిశోధనకు ఒక గంటైనా దొరకకపోతే, ఆమె వచ్చి ప్రయోజనమేమిటి? లియోన్ సంస్థ ఈ కష్టాన్ని గుర్తించి, స్వదేశంలో పని మొదలుపెట్టుకోవడానికి తన ఫెలోలకు చిన్న మొత్తం గ్రాంటుగా ఇచ్చే ఏర్పాటు చేసింది. పరాయి దేశపు సంస్థ చేసిన ఆ ఆలోచనను మన కళాశాలలు, ఆసుపత్రులు, ప్రభుత్వాలు ఎందుకు చేయకూడదు? "రా" అని పిలిచేవారు కూర్చోవడానికి చోటు కూడా చూపాలి.

ఆ తల్లికి ఇప్పుడు నా జవాబు ఇది. అమ్మా, ఒట్టు వేయించుకోవద్దు. ఇరవై ఏడేళ్ళ పిల్ల ముందున్న జీవితమంతటికీ ఇప్పుడే మాట ఇవ్వడం ఆమెకూ కష్టం, నిలబెట్టుకోలేకపోతే మీకూ దుఃఖం. వెళ్ళేముందు ఒక్క రోజు మన జిల్లా ఆసుపత్రిలో క్యాన్సర్ రోగుల వరుసలో ఆమెతో కలిసి కూర్చోండి. ఆలస్యంగా ఎందుకు వచ్చారో అక్కడివారిని అడగనివ్వండి. ఆ సమాధానాలను ఆమె తన వెంట తీసుకువెళ్ళాలి. రెండేళ్ళ తర్వాత ఆమె ఏ నిర్ణయం తీసుకున్నా, ఆ ముఖాలను మరచిపోకుండా తీసుకోవాలి. అంతమాత్రం అడిగే హక్కు మీకుంది, మనందరికీ ఉంది.