అడగటం తప్పా? చెప్పుకోవటం తప్పా?

మానసిక వైద్యుని ఓ.పి.లో ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" రోగి నోరు విప్పేలోగానే పక్కనున్న పెద్దలు అందుకుంటారు: "అల్హమ్దులిల్లాహ్, మాది దీనీ కుటుంబం. మా ఇంట్లో అలాంటివి ఉండవు." ఈ జవాబు ధర్మసమ్మతమేనా?

ఆత్మహత్య హరామ్. ఇందులో సందేహానికి తావు లేదు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. అయితే ఆ పనికి పాల్పడటం వేరు, మనసులోని బాధను చెప్పుకోవటం వేరు. ప్రసవ వేదన పడుతూ హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్), ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని వాపోయిన సంగతిని దివ్యఖుర్ఆన్ 19వ సూరా తెలుపుతోంది. అప్పుడు ఆమెను ఎవరూ మందలించలేదు. ఓదార్పు లభించింది, తాగటానికి నీరు, తినటానికి ఖర్జూరాలు లభించాయి.

వైద్యుడు కూడా అక్కడి నుంచే మొదలుపెడతాడు. బ్రతుకు మీద విరక్తి కలిగిందా? ప్రాణం తీసుకోవాలనిపించిందా? ఎలాగో ఆలోచించుకున్నారా? లోగడ ఎప్పుడైనా ప్రయత్నించారా? ఇంట్లో పురుగుల మందు, నిద్రమాత్రలు చేతికందేలా ఉన్నాయా? ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరి భయం. పరిశోధనలు ఆ భయాన్ని బలపరచటం లేదు. అడిగేవారు దొరికారన్న ఊరటే చాలామందికి కలుగుతుంది.

ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో ఏ ప్రశ్నావళీ చెప్పజాలదు. గైబ్ అల్లాహ్‌కే తెలుసు. మార్కులు లెక్కగట్టి భవిష్యత్తును అంచనా వేయవద్దని బ్రిటన్‌లోని 'నైస్' సంస్థ కూడా 2022లో వైద్యులకు సూచించింది. ఈ రోజు ఈ మనిషికి ఏ రక్షణ కావాలో తెలుసుకోవటానికే ఈ ప్రశ్నలు. జవాబు అబద్ధమైతే ఆ రక్షణే తప్పిపోతుంది. పరువు కోసం ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు మనకెవరిచ్చారు?

కేసవుతుందన్న భయమూ వద్దు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత 309 సెక్షన్ లేదు.

సోదర సోదరీమణులారా! వైద్యుడు రోగితో ఏకాంతంగా మాట్లాడతానంటే నొచ్చుకోకండి. బయట కూర్చొని దుఆ చేయండి. ఇంటికొచ్చాక మందులు మీ దగ్గరే ఉంచుకోండి. మళ్ళీ రమ్మన్న రోజున తప్పక తీసుకెళ్ళండి. అర్ధరాత్రి అవసరమొస్తే టెలి మానస్ ఉచిత నంబరు 14416 ఉంది. ప్రయత్నం మన బాధ్యత. ఆ తర్వాతే తవక్కుల్.