అందరికీ ఉన్న కష్టమే కదా!

భర్త చేతిలో దెబ్బలు తిని ఇల్లు విడిచి వచ్చిన స్త్రీకి మొదట వినపడే మాట ‘ఏ ఇంట్లో లేవమ్మా ఇవన్నీ?’. రెండోది ‘ప్రాణం మీదికేం రాలేదు కదా!’. ఈ రెండు మాటలూ అంతర్జాతీయ న్యాయభాషలో మళ్ళీ కనిపించాయి నాకు, కిరిబాటి ద్వీపదేశపు కుటుంబం ఒకదాని కేసులో.

అక్కడ బావుల్లోకి ఉప్పునీరు చేరుతోంది. తీరం కోసుకుపోతోంది. మిగిలిన నేల కోసం తగాదాలు. 2007లో భార్యతో న్యూజిలాండ్ వెళ్ళిన అయోనే టెయిటియోటా, వీసా గడువు తీరాక, తనని శరణార్థిగా గుర్తించమని అడిగాడు. 1951 శరణార్థుల ఒడంబడిక అయిదు కారణాలే చెబుతుంది: జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, ఒక సామాజిక బృందానికి చెందడం. నీ కష్టం అక్కడ అందరిదీ అన్న అర్థంలో తీర్పులొచ్చాయి. 2015లో వెనక్కి పంపేశారు.

వాతావరణ మార్పు ప్రాణాల మీదికి తెచ్చే చోటికి మనుషుల్ని తిప్పిపంపడం జీవించే హక్కుకి భంగం కావచ్చని 2020లో వెలువడిన నిర్ణయంలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఒప్పుకుంది. ఇతని విషయంలో మాత్రం ఇంకా వ్యవధి ఉందంది. కమిటీ సభ్యురాలు వసిల్కా సాన్సిన్ విభేదించింది. తాగడానికి నీళ్ళున్నాయనడం, అవి సురక్షితమైన నీళ్ళనడం ఒకటి కాదంది. రోజూ బిందె మోసేవాళ్ళకి ఆ తేడా ఒకరు చెప్పాలా?

కష్టం అందరిదీ అయితే హక్కు పలచబడుతుందా? ఆ అయిదు కారణాల్లో ‘స్త్రీ’ అన్న మాటా లేదు. 1999లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్, ఇద్దరు పాకిస్తానీ స్త్రీల కేసులో, ఆ దేశపు స్త్రీలు ఒక సామాజిక బృందమేనని తేల్చింది. బాధితులు అసంఖ్యాకులు కావడం ఆ ఇద్దరి హక్కుకి అడ్డం కాలేదు.

స్త్రీని హింసించేవాడు ఉంటాడు, సముద్రానికి ద్వేషం ఉండదు కదా అనొచ్చు. నిజమే. కానీ సముద్రాన్ని వేడెక్కించిన చేతులున్నాయి, అవి ఎక్కువగా సంపన్న దేశాలవి. బాధ్యత ఉన్నచోట దయతో సరిపెట్టడం న్యాయం కాదు. 2024లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం తువాలు నుంచి ఏడాదికి 280 మందిదాకా ఆస్ట్రేలియా వెళ్ళొచ్చు, చీటీల్లో పేరొస్తే. వాళ్ళకది మేలే. కానీ చీటీలో పేరు రానామె మాటేమిటి? పుట్టినచోటే ఉంటానని పట్టుబట్టే ఆమె మాటేమిటి? వెళ్ళే హక్కూ, ఉండే హక్కూ రెండూ ఆమెవే.

1951 ఒడంబడిక మీద మన దేశం సంతకమే చేయలేదు. రేపు ఉప్పునీటి ఊరు వదిలి సరిహద్దు దాటి ఒకామె మన గుమ్మంలో నిలబడితే, ‘అందరికీ ఉన్న కష్టమే కదా’ అనే గొంతు మనది కాకూడదు. ఆ మాట తగిలితే ఎలా ఉంటుందో మనకి తెలుసు.