దొరతనము లేని ప్రయాణము

మా తాతల తరమువారు మిషనరీని దొర యనిరి, ఆయన యిల్లాలిని దొరసాని యనిరి. ఒంగోలు ప్రాంతమున క్లౌదొర పేరు వినని క్రైస్తవ కుటుంబము నేటికిని అరుదు. గుంటూరున కుగ్లరమ్మ ఆసుపత్రి యన్నచో రిక్షావాడు మారుమాట యడుగక తీసికొనిపోయెడివాడు. మా నాయనమ్మ అక్షరములు దిద్దినది మిషను బోర్డింగులో. ఆమె పిల్లలు కన్ను తెరచినది మిషను ఆసుపత్రిలో. సువార్త మా పల్లెకు వచ్చిననాడు వట్టిచేతులతో రాలేదు. ఒక చేత పలకను, ఒక చేత మందుసీసాను పట్టుకొని వచ్చినది. ఊరిబావి చెంతకు రానీయబడని జనమునకు ఆ రెండును ఎంతటి వరములో చెప్పనక్కరలేదు. ఆ ఋణమును మరువక, దానిని చులకనచేసి మాటాడువారితో ఏకీభవింపక, ఇప్పుడు స్వయముగా జపాను దేశమునకు సువార్తసేవకై పోవ సిద్ధపడుచున్న నేను కొంతకాలముగా ఒకే తలంపుచుట్టు తిరుగుచున్నాను: ఇచ్చుటకు చేతిలో ఏమియు లేనివాడు పరదేశమున మిషనరీగా ఎట్లు నిలువగలడు?

జపానులో మనము కట్టవలసిన ఆసుపత్రి లేదు, తెరువవలసిన బడి లేదు. వారి వృద్ధులు మన వృద్ధులకంటె ఎన్నో యేండ్లు అధికముగా బ్రదుకుదురు. వారి పిల్లలలో చదువురానివాడు లేడు. హైదరాబాదు చుట్టును తిరిగి శంషాబాదు విమానాశ్రయమునకు పోవు ఔటర్ రింగురోడ్డు నిర్మాణములో కొంతభాగమునకు జపాను ప్రభుత్వసంస్థయగు జైకా అప్పిచ్చినది; అనగా ఆ దేశమునకు రక్షణవార్త మోసికొనిపోవువాడు వారి యప్పును కలిపి వేసిన దారిమీదుగనే విమానమెక్కబోవలెను. ఈ సంగతి తలంపునకు వచ్చినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. నవ్విన పిదప కొంత జంకును కలుగును.

ఈ జంకును పోగొట్టుకొనుటకు మన కూటములలో ఒక సులభోపాయము వాడుకలో నున్నది. వేదిక నెక్కిన ప్రసంగీకుడు, జపానువారికి ధనమున్నది గాని శాంతి లేదనియు, వారు ఒంటరితనముతో ఆత్మహత్యలు చేసికొనుచున్నారనియు, వారి రోగమునకు మందు మనయొద్దనే యున్నదనియు గొంతెత్తి చెప్పును, సభ ఆమేననును, కానుకలపెట్టె నిండును. నాకీ పద్ధతి గిట్టదు. ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన వారమున మన పత్రికలలో వచ్చు వార్తలను చదివినవాడు, పత్తిచేని గట్టుపై పడియున్న పురుగుమందు డబ్బాను చూచినవాడు, మరియొక జాతి దుఃఖమును వేలెత్తి చూపుటకు సాహసింపరాదు. అంతకంటెను, మందమ్ముకొనుటకై రోగమును పెద్దదిచేసి చూపు వైద్యుని ఎవరును నమ్మరు, నమ్మకుండుటయే న్యాయము. చేతిలో పలకయు మందుసీసాయు లేకపోయెనే యని, వాటి స్థానమున వారి దుఃఖమునే పట్టుకొని పైమెట్టున నిలువ జూచుట, దొరతనమును దొడ్డిదారిన తెచ్చుకొనుటయే యగును.

ఈ విషయమున నాకు దారి చూపినవాడు దోర్నకలు బిషప్పు అజరయ్య. తిరునెల్వేలి సీమలో జన్మించి, తెలుగు నేర్చి, 1909లో దోర్నకలునకు సేవకై వచ్చి, 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పుగా అభిషిక్తుడైన ప్రథమ భారతీయుడాయన. అంతకు ముందే 1907లో, టోక్యో నగరమున జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభకు ఆయన పోయివచ్చెను. మూడేండ్ల పిమ్మట, 1910లో, ఎడింబరో మహాసభలో పాశ్చాత్య మిషనరీల నడుమ నిలిచి, వారి త్యాగమును మెచ్చుకొనుచునే, దాతృత్వముతో పాటు స్నేహమును గూడ తమకు కావలెనని విన్నవించెను. ఏండ్ల తరబడి కలిసి పనిచేసియు ఒక బల్లచెంత కూర్చుండి భుజింపని దొరలకును దేశీయ సేవకులకును నడుమనున్న ఎడమును ఆయన అంత సౌమ్యముగను, అంత నిర్భయముగను బయటపెట్టెను. ఆ మాట నాడు పలువురికి రుచింపలేదు. తెల్లవారి పెత్తనమునకు తలయొగ్గక తమ సంఘములను తామే నడుపుకొన జూచుచున్న జపాను క్రైస్తవులను చూచివచ్చుటవలన ఆయనకు ఆ ధైర్యములో కొంత కలిగినదేమో యని నా యూహ. అజరయ్య పుచ్చుకొనువారి పక్షమున మాటాడెను. ఆ పుచ్చుకొన్నవారి మనుమడనైన నేను ఇచ్చువాడనన్న పేరుతో బయలుదేరుచున్నాను. ఆయన కోరిన స్నేహితుడు ఎట్టివాడో మా వంశమున కంటె ఎవరికి బాగుగా తెలియవలెను?

లూకా సువార్త పదియవ అధ్యాయమున ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపుచు, సంచి వలదు, జాలె వలదు, చెప్పులు వలదు, చేర్చుకొన్న యింటనే యుండి వారు పెట్టినది తినుడని ఆజ్ఞాపించెను. చిన్ననాటినుండి ఈ భాగమును త్యాగమును గూర్చిన బోధగానే వింటిని. పెట్టెలు సర్దుకొనుచున్న ఈ దినములలో మాత్రము అది వేరుగా కనబడుచున్నది. సంచి లేనివాడు రాత్రికి ఒకని తలుపు తట్టక తప్పదు. అన్నమునకు ఆ యింటి యిల్లాలి దయకై యెదురుచూడక తప్పదు. పంపబడినవాడు ముందుగా పుచ్చుకొనువాడు కావలెనన్నదే ఆ ఆజ్ఞలోని మర్మమేమో! సమరయ బావియొద్ద అలసి కూర్చున్న యేసు సైతము ఆ స్త్రీని మొదట అడిగినది దాహమునకు నీళ్లు. ఉపదేశము ఆ పిమ్మటనే. మన దొరలు సంచులతో వచ్చిరి. వారు వచ్చిన కాలమున, మేమున్న దుర్దశలో, ఆ సంచులు లేకున్నచో మాకు బ్రతుకే లేదు. అయినను వాక్యము సంచి వద్దన్నది. జపానునకు పోవువానికి సంచి లేకపోవుట కొరత గాక, మూలవాక్యమునకు దగ్గరగా పోవు అవకాశమని నేననుకొనుచున్నాను. ("పెట్టినది తినుట" యన్నచోట మాత్రము, పులిసి తీగలు సాగు నత్తో సోయాగింజలను తలచుకొని మా అమ్మ ఇప్పటినుండియే గోంగూర పచ్చడిని సీసాలకెత్తుచున్నది.)

మనదేశమునుండి ఆ దేశమునకు పోయిన దారి కొత్తది కాదు. ఫ్రాన్సిసు జేవియరు గోవానుండి బయలుదేరి మలక్కా మీదుగా 1549 ఆగస్టు 15న కగోషిమా రేవున దిగెను. ముంబయి చేరువనున్న వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా, తల్లి తరపున భారతీయుడు, జపాను భాష చక్కగా వచ్చినవాడగుటచే ఫ్రాన్సిస్కను సన్యాసులకు దుబాసియై పోయి, 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో శిలువ వేయబడిన ఇరువదియారుగురిలో ఒకడయ్యెను. 1614లో క్రైస్తవమతము దేశమంతట నిషేధింపబడినది. క్రీస్తు ప్రతిమను కాలితో త్రొక్కించి విశ్వాసమును పరీక్షించిన కాలమది. చివరి గురువు 1644లో మరణించిన పిమ్మట రెండు శతాబ్దములకు పైగా ఆ దేశమున బహిరంగముగా ఒక గుడి లేదు, ఒక పాదిరి లేడు. 1865 మార్చి 17న, నాగసాకిలో విదేశీయులకై కొత్తగా కట్టిన ఓఉరా దేవాలయమునకు ఉరకామి గ్రామస్థులు కొందరు వచ్చి, పెతిజా అను ఫ్రెంచి గురువు చెంతకు చేరి, తమ హృదయమును ఆయన హృదయమును ఒక్కటే యని రహస్యముగా చెప్పి, మరియమ్మ ప్రతిమ ఎక్కడనున్నదని యడిగిరి. తల్లులు బిడ్డలకు నోటినుండి నోటికి నేర్పిన ప్రార్థనలతో, బాప్తిస్మమిచ్చు పని తమలోనే ఒకరికి అప్పగించుకొని, ఏడు తరములవారు నిలిచిరి. బయటపడిన పాపమునకు వేలమంది ఉరకామివారు దేశములో నలుమూలలకు ప్రవాసము పంపబడిరి. 1873లో గాని నిషేధపు పలకలు తొలగింపబడలేదు. తిరిగివచ్చినవారు కాలక్రమమున కట్టుకొన్న దేవాలయమునకు కూతవేటు దూరముననే 1945 ఆగస్టు 9న అణుబాంబు ప్రేలినది. ఆ విచారణలోని 12,000 మంది విశ్వాసులలో దాదాపు 8,500 మంది మృతిచెందిరి. బాంబు వేసినదియు క్రైస్తవులు అధికముగా నున్న దేశమే.

ఈ చరిత్ర చదివినవాడు నేను పోవువరకు దేవుడు ఆ దేశమున అడుగు పెట్టలేదని యెట్లనగలడు? నన్ను చూచి నేర్చుకొనవలసినవారు అచ్చట ఎవరో యెరుగను. నేను చూచి నేర్చుకొనవలసినవారు మాత్రము కొండలనిండ సమాధులలో నున్నారు.

ఇక ప్రయాణసన్నాహముల మాట. మతకార్యములకై ఆ దేశమున నివసింపగోరువానికి ప్రత్యేకమైన వీసా కలదు. దానికి మూలమైన అర్హతాపత్రమును సాధారణముగా అక్కడి సంఘమువారే దరఖాస్తు పెట్టి తెప్పింతురు. ఇక్కడినుండి పంపువారు జీతభత్యముల వివరముతో లేఖ నీయవలెను. కాగితముల సంగతి అంతటితో సరి. నన్ను పిలుచుచున్నది ఉత్తరమున మంచు దట్టముగా పడు పట్టణములోని చిన్న సంఘము. ఆదివారమున ఇరువదిమంది కూడినచో పండుగ. జపాను జనులలో పదిమందికి దాదాపు ముగ్గురు అరువదియైదేండ్లు దాటినవారన్న లెక్క ఆ సంఘములో తిరగబడి, పదిమందిలో ముగ్గురు మాత్రమే అంతకు తక్కువవారు. వృద్ధుడగు అక్కడి పాదిరి నాకు వ్రాసిన తొలి యుత్తరమున అడిగిన ప్రశ్నలివి: కారు నడపగలవా? మంచు త్రవ్వగలవా? ముసలివారిని ఆసుపత్రికి తీసికొనిపోయి వారి వంతు వచ్చువరకు ఓపికతో కూర్చుండగలవా? ప్రసంగమును గూర్చి ఒక్క మాట లేదు. వేదాంత కళాశాలలో నన్నెవరును ఇట్టి ప్రశ్నలడిగి యుండలేదు.

భాష నేర్పుచున్నది కోబే నగరవాసినియగు ఒక విశ్రాంత ఉపాధ్యాయిని. వారమున రెండుసార్లు కంప్యూటరు తెరపై కనబడును. హిరగానా, కతకానా లిపులు చెరి 46 అక్షరములు. వాటిపై సర్కారువారు నిత్యవ్యవహారమునకు నిర్ణయించిన చిత్రాక్షరములు 2,136. క్రియను వాక్యము చివర నిలుపుట, విభక్తిని నామము వెంట నంటించుట తెలుగువానికి అలవాటే కాబట్టి మాటలు పేర్చుట నాకు కష్టము కాలేదు. ఎవరియెదుట ఎంత వంగి మాటాడవలెనో తెలియుటయే కష్టము. ఆమె క్రైస్తవురాలు కాదు. ఒకనాడు, కొత్త యింటికి మారినవాడు ఇరుగుపొరుగు వారికి చెప్పు మాటలను నాచేత వల్లె వేయించెను. ఎదుట మూడిండ్లు, ప్రక్కల రెండిండ్లు తిరిగి, కాగితము చుట్టిన చిన్న తువ్వాలునో, సబ్బునో రెండు చేతులతో అందించి, నేను కొత్తగా వచ్చినవాడను, నాపై దయయుంచుడని వంగి చెప్పుట అక్కడి మర్యాద. ఆమె తన బల్లపైనుండి ఒక తువ్వాలు తీసి, కాగితమును మూలలు కలియునట్లు మడిచి, పేరు వ్రాసిన పట్టీ అంటించి చూపెను. తువ్వాలుతో పాటు ఒక సువార్త కరపత్రమును ఇచ్చినచో ఏమగునని నేనడిగితిని. ఆమె కొంచెము సేపు ఆలోచించి, "తువ్వాలైతే వాడుకుంటారండీ" అని మాత్రము చెప్పి తరువాతి పాఠమునకు పోయెను.

ఆ మృదువైన మాట వెనుక నున్నదానిని ఆ దేశపు ఇటీవలి చరిత్ర ఎరిగినవారు గ్రహింపగలరు. 1995 మార్చిలో ఓమ్ షిన్రిక్యో అను మతశాఖవారు టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువును వదలినది మొదలు, మతము పేరిట తలుపు తట్టువాడన్నచో అక్కడివారికి అనుమానము. 2022లో మాజీ ప్రధాని షింజో అబేను కాల్చిన వ్యక్తి, తన తల్లి ఏకీకరణ సంఘమను మతసంస్థకు ఉన్నదంతయు సమర్పించి కుటుంబమును దివాలా తీయించెనని చెప్పిన పిమ్మట ఆ అనుమానము మరింత గట్టిపడెను. తలుపు సందునుండి నన్ను చూచు ముసలమ్మ నన్ను వారిలో ఒకనిగా తలచినచో ఆమె తప్పేమి?

అయినను మనవారికి లెక్కలు కావలెను. మొన్నటి శుక్రవారపు ఉపవాస ప్రార్థన ముగిసిన పిదప, సంఘపెద్దయు నాకు పెదనాన్న వరుసయు నగు ఒకాయన పక్కకు పిలిచి, "ఏరా అబ్బాయీ, మూడేళ్లకు ఎన్ని ఆత్మల్ని సంపాదిస్తావు?" అని యడిగెను. "చెప్పలేను పెదనాన్నా" అంటిని. "మరి రిపోర్టులో ఏం రాస్తావురా?" అని ఆయన నిజముగనే కలత చెందెను. ఆయన కలతకు కారణము కలదు. 1878 జూలై 3న వేలంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కనాడు 2,222 మంది బాప్తిస్మము పొందిరన్న సంఖ్యను మేము ఊయలలోనే వినుచు పెరిగితిమి. జపానులోనో, జేవియరు దిగి నాలుగువందల డెబ్బదియేండ్లు దాటినను, క్రైస్తవులు నూటికి ఒక్కరు చొప్పుననే యున్నారు. కాని మావారు ఆ సంఖ్యకు ముందున్న కథను తరచుగా చెప్పరు. ధాత కరవునాడు బకింగ్‌హాము కాలువలో కొంతభాగము కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి చూపిన క్లౌదొర, ఆ సహాయము సాగినంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. అన్నము పెట్టు చేయి బాప్తిస్మమిచ్చుటకు చాచిన చేయియైనచో, వచ్చువాడు దేనికై వచ్చెనో ఎవరికిని తెలియదని ఆయన శంకించెను. గుండ్లకమ్మ యొడ్డున నిలిచిన ఆ దొరలో నేను గౌరవించునది సంఖ్యను గాదు, ఈ శంకను.

నన్ను పంపు సంఘములవారికి మనవి చేయునది ఇంతియే. నా యుత్తరములలో మంచును గూర్చి, ఆసుపత్రి వరుసలను గూర్చి, ఎడమప్రక్క యింటి ముసలమ్మను గూర్చి వ్రాయుదును, సంఖ్యలు వ్రాయను. అది మీకు చాలదనిపించినచో ఇప్పుడే చెప్పుడు. మరియొక మాట: తడ చేరువనున్న శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో, డైకిన్ వంటి జపాను సంస్థల కర్మాగారములు కలవు, అక్కడ పనిచేయు జపానీయులు మన నడుమనే కాపురముండి, మన బజారులలో దారి తప్పుచున్నారు. సూళ్లూరుపేట, తడ ప్రాంతపు సోదరులు ఏదైనను ఒక పండుగకు వారిలో ఒకరినైనను ఇంటికి భోజనమునకు పిలువుడు. కరపత్రము మాత్రము వలదు.