చెలిమెకు పైన

మా చిన్నప్పుడు అవ్వ ఒక మాట చెప్పేది: వాగులో చెలిమె తీసిన చోటికి పైన బట్టలు ఉతకొద్దు, పశువులను కడగొద్దు. కింద నీళ్లు ముంచుకునేది మన ఊరివాళ్లయినా, పరాయివాళ్లయినా అదే కట్టుబాటు.

పోయిన వానకాలం నేను ఆ కట్టుబాటు తప్పాను. పత్తికి రెండోసారి యూరియా వేయాలి. మబ్బు పట్టింది. కూలీలు మళ్లీ దొరకరేమోనని ఆ పూటే చల్లించాను. రాత్రి వాన దంచింది. పొద్దున చూస్తే చేని కాలువ నిండుగా పారి వాగులో కలుస్తోంది. మట్టి రంగు తప్ప నీళ్లలో ఏమీ కనిపించలేదు.

45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోలు నత్రజని. అందులో మొక్కకు అందనిది చాలానే ఉంటుంది. అది కొంత గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా మారి నీళ్లతో పోతుంది. తాగేనీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ నీళ్లతో పాలపొడి కలిపి పట్టిస్తే నెలల పసిబిడ్డ ఒళ్లు నీలిబారవచ్చు. తరగతిలో ఇది చెబితే ఒక పాప అడిగింది: "కాచి తాగితే పోదా సార్?" పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

చేను నాది. దానిలోంచి పారే నీళ్లు ఎవరివి? అందరూ చల్లుతున్నారు, నా ఒక్కడి తప్పేముంది అనవచ్చు. కానీ అందరి తప్పులో నా పాలు కూడా ఉంది. అప్పు తెచ్చి సాగుచేసే రైతును నిందించడం న్యాయం కాదు. అయితే చేయగలిగింది చేయకపోవడానికి అప్పు సాకు కాదు. వాన ముందు చల్లకుండా ఆగడానికి ఖర్చు లేదు. కొంచెం కొంచెంగా మొక్క మొదట్లో వేసి మట్టి కప్పితే ఎరువు కూడా మిగులుతుంది.

కాలువ గట్టున గడ్డి వదలడానికి మాత్రం రెండు సాళ్ల పత్తి పోతుంది. గడ్డి వేర్లు నత్రజనిని పట్టుకుంటాయి. అక్కడి తడిమట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేటును గాలిగా మార్చి వదిలేస్తాయి. ఎద్దులకు మేత దొరుకుతుంది కానీ పత్తి డబ్బంత రాదు. ఆ నష్టం ఎవరికోసం? మన ముఖం ఎరగని వాళ్లకోసం. మా వాగు కడెంలో, కడెం గోదావరిలో కలుస్తుంది. మనకు పైన కూడా ఎవరో ఒకరు చేను దున్నుతూనే ఉన్నారు. వాళ్లు ఏం చేయాలని మనం కోరుకుంటామో, అదే మనం చేయాలి.

ఈ ఏడు నేను రెండు సాళ్లు వదిలాను. అవ్వ కాలంలో మురికి కంటికి కనిపించేది, కట్టుబాటు సులువుగా నిలిచింది. కనిపించని మురికికి కట్టుబాటు పెట్టవలసింది చదువుకున్న మనమే. మీ ఊరి కూటంలో ఈ మాట ఎత్తండి.