తన తరువాత

ఒక పీఠముపై కూర్చున్నవాడు, తన తరువాత దానిపై కూర్చుండబోవు వానిని గూర్చి ఆలోచింపవలెనా? ఆలోచించినచో అది లోకహితమా, లేక జారిపోవుచున్న అధికారమును వేరొక రూపమున పట్టుకొను ఆశయా? మఠములను, గృహములను గూర్చి మన పెద్దలు వేసికొనిన ఈ ప్రశ్న నేటి ప్రభుత్వ శాఖలకును వర్తించును.

హైదరాబాదు పాతనగరమునకు ఆగ్నేయమున కంచన్‌బాగ్ అను ప్రాంతము కలదు. క్షిపణులను రూపొందించు డి.ఆర్.డి.ఎల్., లోహములను పరిశోధించు డి.ఎం.ఆర్.ఎల్. అచ్చటనే యున్నవి. ఈ ప్రయోగశాలలలో పనిచేసినవారు పలువురు ఢిల్లీలో రక్షణ పరిశోధన శాఖకు అధిపతులైరి. 1982లో వి.ఎస్. అరుణాచలం, 1992లో ఎ.పి.జె. అబ్దుల్ కలాం, 2009లో వి.కె. సారస్వత్, 2013లో అవినాశ్ చందర్, 2018లో మన నెల్లూరు జిల్లావారైన జి. సతీశ్ రెడ్డి, 2022లో సమీర్ కామత్. ఒక్క పేట ఇంతమందిని ఇచ్చుట సామాన్యము కాదు.

అయినను ఆ పీఠము రెండుమార్లు నాథుడు లేక నిలిచినది. అవినాశ్ చందర్ గారి పదవీకాలము 2016 మే వరకు పొడిగింపబడియున్నను 2015 జనవరిలోనే ముగింపబడినది. కాంట్రాక్టుపై నున్నవారు కాక వయస్సున చిన్నవారు ఆ స్థానమున నుండవలెనని నాటి రక్షణమంత్రి మనోహర్ పరికర్ చెప్పిరి. ఆ అభిప్రాయములో న్యాయము లేదనలేము. కాని ఆ చిన్నవారెవరో మే మాసాంతము వరకు తేలలేదు. అంతవరకు రక్షణ కార్యదర్శియే అదనపు బాధ్యతగా ఆ శాఖను చూచెను. మరల 2018 మే నుండి ఆగస్టు వరకు అదే కథ. యోగ్యులు లేరా యనిన, ఉన్నారు. రాబోవు ఖాళీ ముందుగా తెలియదా యనిన, రెండవసారి తేదీతో సహా తెలియును.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. ప్రభుత్వోద్యోగి తన వారసుని తానే నియమించుకొనరాదు. నియమించు అధికారము వేరొకరిది. అది అట్లుండుటయే ధర్మము. లేనిచో ప్రతి కుర్చీయు అల్లునికో, ఆశ్రితునికో దక్కును. కాని నియమించు అధికారము లేదు గనుక సిద్ధపరచు బాధ్యతయు లేదనుకొనుట పొరపాటు. "అది పైవారు చూచుకొందురు" అనుమాట వినయమువలె వినిపించును గాని, పలుమార్లు అది సోమరితనమే. కొన్నిమార్లు అంతకన్న చెడ్డది.

దశరథ మహారాజు సంగతి చూడుడు. ఆయన వృద్ధాప్యమున తరువాతి రాజును గూర్చి యోచించెను. సభను పిలిచి తన తలంపు తెలిపెను. సభ్యులు వెంటనే హర్షించగా, "నేను ధర్మముగా పాలించుచుండగా మీరు రాముని ఏల కోరుచున్నారు?" అని వారినే ప్రశ్నించి, కారణములు వారి నోటనే వినెను. ఇంతవరకు అన్నియు సక్రమమే. ఎన్నుకొనబడినవాడు సాక్షాత్తు శ్రీరాముడు; ఎన్నికలో దోషమెక్కడిది? కాని త్వరపడెను. కేకయరాజునకును జనకునకును కబురంపుటకు వ్యవధి లేదనుకొనెను. రాముని పిలిపించి, భరతుడు దూరముగా నున్నప్పుడే పట్టాభిషేకము జరుగుట మేలని చెప్పెను. భరతుడెట్టివాడో ఆ తండ్రికే పూర్తిగా తెలియలేదు! సభలో బహిరంగముగా ఆరంభమైన కార్యము ఇంటిలో గుట్టుగా మారినది. ఆ గుట్టులోనికే మంథర ప్రవేశించినది.

కంచన్‌బాగ్‌లో ఇందుకు భిన్నమైన ఉదాహరణ యొకటి కలదు. కలాం గారు 1982లో డి.ఆర్.డి.ఎల్.కు డైరెక్టరుగా వచ్చిరి. మరుసటి యేడు ఐదు క్షిపణుల సమగ్ర పథకము 388 కోట్ల రూపాయలతో మంజూరైనది. ఐదింటిని తన గుప్పిటనే ఉంచుకొనుటకు ఆయనకు అవకాశము లేకపోలేదు. ఆయన ఒక్కొక్కదానికి ఒక్కొక్క నాయకుని నిలిపిరి. పృథ్వికి కల్నల్ వి.జె. సుందరం, అగ్నికి ఆర్.ఎన్. అగర్వాల్, ఆకాశ్‌కు ప్రహ్లాద. (ఈ చివరి పేరు వినగానే మన పాఠకులకు వేరొక బాలుడు తలపునకు వచ్చుట సహజము.) నిర్ణయము వారిది, నిద్రలేని రాత్రులు వారివి, 1989 మే 22న అగ్ని ఎగిరినప్పుడు కీర్తిలో భాగమును వారిదే. తరువాతి కాలమున అగర్వాల్ గారు ఎ.ఎస్.ఎల్. ప్రయోగశాలకు, ప్రహ్లాద గారు డి.ఆర్.డి.ఎల్.కే డైరెక్టరులైరి. 1992లో కలాం ఢిల్లీకి పోయినప్పుడు ఇచ్చటి పని ఆగలేదు.

ఈ విద్య ఆయనకు ఎచ్చట అబ్బినది? 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి. రాకెట్టు సముద్రమున పడినప్పుడు, ప్రాజెక్టు నాయకుడైన కలాంను వెనుక నుంచి, ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ తానే పత్రికలవారి యెదుట నిలిచి బాధ్యత వహించెను. 1980 జూలై 18న అదే రాకెట్టు జయము పొందినప్పుడు కలాంను ముందునకు పంపెను. తరువాతి వానిని సిద్ధపరచుట యనగా పాఠములు చెప్పుట మాత్రమే కాదు. వానికి పొరపాటు చేయు అవకాశమిచ్చి, ఆ పొరపాటు దెబ్బను తాను కాచుకొనుట.

పెద్దలిది చేయకపోవుటకు కారణము పలుమార్లు అసమర్థత కాదు, భయము. నేర్పినచో నా కుర్చీకే ఎసరు పెట్టునను భయము. ఇతరుల మాట యెందుకు? నేనొక కార్యాలయమున పింఛను బకాయిల లెక్కలు చూచెడివాడను. ఆ రిజిస్టరు పద్ధతి నాకొక్కనికే తెలియును. సెలవుపై నున్నను ఇంటికి మనిషిని పంపెడివారు; అది నా గొప్పదనమని మురిసిపోయితిని. నేను విరమించిన ఆరు మాసములకు ఒక వృద్ధురాలు మా యింటి చిరునామా వెదకికొని వచ్చి, భర్త బకాయి ఎవరికిని తెగుట లేదని చెప్పినది. నా స్థానమున వచ్చిన కుర్రవాని తప్పేమియు లేదు. నేను నిత్యము తిరుమంత్రమును జపించుచు, నేను నావాడను కాను, నారాయణునికి చెందినవాడనని పలుకుచునే, ఆ రిజిస్టరు మాత్రము నాదే యనుకొంటిని.

మన ఆచార్యులట్లు తలంపలేదు. నాథమునులు తమకు కలుగబోవు మనుమని గూర్చి ఉయ్యక్కొండార్‌కు చెప్పిరి. వారు ఆ భారమును మణక్కాల్ నంబికి అప్పగించిరి. మనుమడే యైనను పీఠము దానంతటదే ఆయన చేతికి రాలేదు. ఆళవందార్లు రాజ్యభోగమున మునిగి యుండగా, దర్శనము దొరకక, నంబి వారికి ఇష్టమైన ఆకుకూరను ఆరు మాసములు వంటశాలకు మోసికొనిపోయెను. తాతగారి నిధిని చూపెదనని శ్రీరంగమునకు తోడ్కొనిపోయి, శ్రీరంగనాథుని చూపెను. ఆకుకూర మోసిన ఆ చేతులు పీఠమున కూర్చున్న ఆచార్యునివి.

ఆ ఆళవందార్లే వృద్ధులై కాంచీపురమునకు వచ్చిరి. యాదవప్రకాశుని శిష్యబృందములో ఇళయాళ్వారు అను యువకుడు నడచిపోవుచుండెను. పిలువలేదు, పలుకరింపలేదు, వేరొక గురువు వద్ద చదువుకొనువానిని ఆకర్షింపదలచలేదు. వరదరాజస్వామి సన్నిధికి పోయి, ఆ యువకుని దర్శనమునకు ఈయవలసినదని ప్రార్థించి, శ్రీరంగమునకు తిరిగిపోయిరి. ఆ గుంపులో నడచిన రామానుజునకు, తన వంక ఒక వృద్ధుడు చూచెనని యప్పుడు తెలియదు.