కాళ్లు మోయలేని వారి నమాజు

దైవప్రవక్త ముహమ్మద్ (స) రాత్రివేళ నమాజులో పాదాలు వాచిపోయేంత సేపు నిలబడేవారు. అల్లాహ్ మీ ముందు వెనుకల పొరపాట్లన్నీ క్షమించాడు కదా, ఇంత శ్రమ దేనికని అడిగితే, కృతజ్ఞుడైన దాసునిగా ఉండవద్దా అని ఆయన ఎదురు ప్రశ్నించారు. ఈ హదీసు వినని ముస్లిం ఇల్లు ఉండదు. అయితే దీన్ని మనం ఒక్కోసారి చెప్పకూడని చోట చెబుతుంటాం. నేనూ చెప్పాను.

కొన్నేళ్ల క్రితం మా మస్జిదులో ఒక యువకుడు కుర్చీలో కూర్చుని నమాజు చేయడం చూశాను. పాతికేళ్లు కూడా ఉండవు. నమాజయ్యాక పిలిచి ఈ హదీసే వినిపించాను. అతను ఎదురు చెప్పలేదు. మెల్లగా మేజోళ్లు విప్పాడు. అరికాళ్లు విల్లులా వంగి ఉన్నాయి. వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. చీలమండలు వాచి ఉన్నాయి, పిక్కలు మాత్రం చిక్కిపోయాయి. “మా అబ్బాకూ ఇంతే మౌలానా. పుట్టుకతో వచ్చిన నరాల జబ్బన్నారు” అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆ జబ్బు పేరు షార్కో-మారీ-టూత్. 1886లో దీన్ని వర్ణించిన ముగ్గురు వైద్యుల పేర్లవి. టూత్ అన్నది కూడా మనిషి పేరే, పంటితో దీనికి సంబంధం లేదు. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుంది. శరీరంలో అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవే కనుక దెబ్బ మొదట అక్కడే కనిపిస్తుంది. కండరం నీరసిస్తుంది, నడిచేటప్పుడు పాదం ముందుకు వాలిపోతుంది, చీలమండ మాటిమాటికీ మడతపడుతుంది. ఒక పక్క మంటలు, పోట్లు. మరో పక్క స్పర్శే తెలియదు. నడకలో రక్తాన్ని పైకి నెట్టేది పిక్క కండరం. అది బలహీనపడితే సాయంత్రానికి పాదాల్లో నీరు చేరవచ్చు. బయటివారికి ఇవేవీ కనబడవు. బద్ధకం అనుకుంటారు.

ఇక ధర్మం ఏమంటుందో చూద్దాం. అనారోగ్యంతో ఉన్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) ఇచ్చిన ఆదేశం స్పష్టంగా ఉంది: నిలబడి చెయ్యి, చేతగాకపోతే కూర్చుని, అదీ చేతగాకపోతే పక్కకు పడుకుని. తన పాదాలు వాచేదాకా నిలబడిన ఆ ప్రవక్తే రోగిని కూర్చోమన్నారు. అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) నమాజులో బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. కొడుకు చూసి తానూ అలాగే కూర్చుంటే వారించి, సున్నత్ పద్ధతి నేర్పారు. మరి మీరెందుకు అలా కూర్చుంటున్నారని కొడుకు అడిగాడు. తన కాళ్లు తనను మోయలేవని ఆయన జవాబిచ్చారు. సహీహ్ బుఖారీలో ఉన్న విషయమిది. సున్నత్‌ను అంత ఖచ్చితంగా పాటించే సహాబీయే తన కాళ్ల సంగతి దాచుకోలేదు, సిగ్గుపడలేదు. వేళ్లు ముడుచుకుపోయినవారు కాలి వేళ్లను బలవంతంగా మడిచి కూర్చోవాలని పట్టుబట్టడానికి మనమెవరం? నిలబడగలిగినంత సేపు నిలబడాలి, సజ్దా నేలపై చేయగలిగితే చేయాలి. మిగతా వివరాలు ఆలిమ్‌లను అడగండి.

వుజూ విషయంలో ఒక జాగ్రత్త. స్పర్శ తెలియని పాదాలపై వేడినీళ్లు పోయకండి. ముందు మోచేతితో చూసుకోండి. వేళ్ల సందులు కడిగాక పొడిగా తుడవండి. రోజూ ఒకసారి అరికాళ్లు చూసుకోవాలి, కనబడకపోతే అద్దం పెట్టుకోండి లేదా ఇంట్లోవారిని చూడమనండి. నొప్పి తెలియని పుండు చెప్పకుండానే ముదురుతుంది. వుజూతో తొడిగిన తోలు మేజోళ్లపై స్థానికులకు ఒక పగలూ రాత్రీ, ప్రయాణికులకు మూడు రోజులు మసహ్ చేసుకునే సౌలభ్యం ఉంది. వాపు ఉన్నప్పుడు కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే అది మామూలు వాపు అనుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధమనే మాట ఇంకా వినిపిస్తోంది. వైద్యం చేయించుకోమా అని ఎడారి అరబ్బులు అడిగితే చేయించుకోమని చెప్పింది దైవప్రవక్తే (స). ఈ జబ్బును పూర్తిగా మాన్పే మందు ఇంకా రాలేదు. కానీ వ్యాయామం, పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ, సరైన చెప్పులు, నరాల నొప్పికి ఇచ్చే మాత్రలు చాలామందికి ఊరటనిస్తాయి. ఏ వైద్యుని దగ్గరికి వెళ్లినా ఈ జబ్బు సంగతి ముందే చెప్పండి. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందు ఈ నరాలను తీవ్రంగా దెబ్బతీస్తుంది.

తర్వాత ఒకరోజు ఆ యువకుని తండ్రిని కలిశాను. ఆయన ఇంట్లోనే నమాజు చేసుకునేవారు. “నా వల్లే కదా వాడికి ఇలా అయింది” అన్నారు. ఎక్కువగా కనిపించే రకంలో తల్లిదండ్రుల్లో ఒకరికి జబ్బుంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అది ఎవరూ ఎంచుకున్నది కాదు, ఎవరి పాపఫలమూ కాదు. ఒకరి భారం మరొకరు మోయరని దివ్యఖుర్ఆన్ చెబుతోంది. అయితే తెలిసిన సంగతిని నికాహ్ మాటల్లో దాచడం వేరే విషయం, అది మోసమే. కొన్ని రకాలు దగ్గరి బంధువుల వివాహాల వల్ల బయటపడతాయి. అలాంటి సంబంధాన్ని షరీఅత్ అనుమతించింది, తప్పనిసరి చేయలేదు.

యువకుణ్ణి అందరి ముందే పిలిచి మందలించాను కనుక క్షమాపణ కూడా అందరి ముందే అడిగాను. ఇప్పుడు మా మస్జిదులో మొదటి వరుస చివర రెండు కుర్చీలు ఉంటాయి. తండ్రి కూడా వస్తున్నారు.