అన్నం పెట్టడం దయా, బాకీ తీర్చడమా?

ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టడం పుణ్యమని మనకు చిన్నప్పటినుంచీ నేర్పుతారు. అదే అన్నాన్ని అతను హక్కుగా అడిగితే మాత్రం చాలామందికి మింగుడుపడదు. చేయి చాచిన పేదవాణ్ణి చూసి కరిగే మనసే, నిలదీసి అడిగేవాణ్ణి చూసి బిగుసుకుంటుంది. దానానికీ హక్కుకూ మధ్య ధర్మం ఎటు నిలుస్తుంది? హక్కు వైపే అని నా వాదన. ఇదేమీ నిన్నమొన్న అరువు తెచ్చుకున్న ఆలోచన కాదు. మనిషి పుడుతూనే దేవతలకూ ఋషులకూ పితరులకూ తోటి మనుషులకూ ఋణపడి ఉంటాడనీ, మనుషుల ఋణం వారికి నీడనిచ్చి అన్నం పెడితే తీరుతుందనీ శతపథ బ్రాహ్మణం చెబుతుంది. ఉన్నవారి సంపదలో అడిగేవారికీ లేనివారికీ హక్కైన వాటా ఉందని ఖురాన్ అంటుంది. పొలం అంచులను కోయకుండా పేదలకూ పరదేశులకూ వదిలిపెట్టమని బైబిల్లోని లేవీయకాండం రైతును ఆదేశిస్తుంది. ఈ మూడింటిలో ఏదీ పేదవాడి తిండిని ఉన్నవాడి మంచితనానికి వదిలేయలేదు. బాకీ అన్నాక, రావలసినవాడు వచ్చి అడుగుతాడు. అడగడం తప్పెలా అవుతుంది?

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు వేళ చూడకుండా, వచ్చినవారందరికీ వండి పెట్టారు. ఆమెను అన్నపూర్ణగా తలచుకోవడం న్యాయమే. కానీ ఆమె 1909లో కన్నుమూశారు. దానం దాత ఉన్నన్నాళ్లే, దాత ఉన్న ఊరికే. పైగా దాతలందరూ సీతమ్మలు కారు. పూర్వపు సత్రాల్లో ఎన్నో బ్రాహ్మణులకే విస్తరి వేసేవి. అందరికంటే ఎక్కువ ఆకలి ఉన్న మాలమాదిగ వాడలవారు ఆ గడప తొక్కే వీలే లేదు. ఎవరికి పెట్టాలో ఎంచుకునే అధికారం పెట్టేవాడి చేతిలో ఉన్నంతకాలం, అట్టడుగున ఉన్నవాడి వంతు ఎప్పుడూ ఆఖరే.

2001లో ఏం జరిగిందో చూడండి. రాజస్థాన్‌లో వరుస కరువు. ప్రభుత్వ గోదాముల్లో 4 కోట్ల టన్నులకు పైగా తిండిగింజల నిల్వ. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకెక్కి, రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో తిండి లేదా అని అడిగింది. ఆ ఏడాది నవంబర్ 28న కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టడం రాష్ట్రాల విధి అయింది. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదిలో కనీసం 200 రోజులు. 2004లో ఇదే కేసులో వంటపనికి దళితులకూ ఆదివాసులకూ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆదేశించింది. నా వాదనకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. దళిత స్త్రీ వండిందని పిల్లల్ని ఆ అన్నం తిననివ్వని తల్లిదండ్రులు ఉన్నారు. ఒక దాత అయితే ఊరి మాటకు తలొగ్గి వంటమనిషిని మార్చేవాడు. హక్కు అయినందువల్ల ఆమె పొయ్యి దగ్గర నిలబడటానికి ఎవరి దయా అక్కర్లేదు.

పేద దేశం ఇంత భారం మోయగలదా అని అడిగేవారున్నారు. 1979లో భారత్ చేరిన ఆర్థిక, సామాజిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక కూడా అన్నీ ఒక్కరోజులో చేయమనలేదు. ఉన్న వనరులను పూర్తిగా వినియోగిస్తూ క్రమంగా సాధించమంది. పేదరికం ఆలస్యానికి కారణం కావచ్చు. నిండిన గోదాముల పక్కన మాడే కడుపులకు కాదు. ఎం.జి.ఆర్. 1982లో తమిళనాడు పిల్లలకు పౌష్టికాహార పథకం పెట్టినప్పుడు ఆ రాష్ట్రమూ సంపన్నమైనదేమీ కాదు.

ఎవరి కర్మ వారిదన్న వాదన ఇంకా పాతది. కర్మ సిద్ధాంతం నా నడవడికి నన్ను బాధ్యుణ్ణి చేస్తుంది గానీ, ఎదుటివాడి కంచం మీద తీర్పు చెప్పే అధికారం నాకివ్వదు. బిడ్డకు జ్వరమొస్తే పూర్వజన్మ ఫలమని మందు మానేసే తల్లి ఉండదు. హక్కు వస్తే కరుణ ఎండిపోతుందన్న భయం వీటికంటే నిజాయితీ గలది. చట్టానికి ఆప్యాయత తెలియదన్నది నిజమే. కానీ ఆప్యాయతకు చట్టం అడ్డు రాదు. వడ్డించే చేతిలో ప్రేమ ఉండవచ్చు. వడ్డన మాత్రం ఆ ప్రేమ మీద ఆధారపడకూడదు.

2013 ఆహార భద్రతా చట్టం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం వరకు జనాన్ని రేషన్ గింజల హక్కుదారులుగా లెక్కలోకి తీసుకుంది. ఆ సంఖ్య 2011 జనగణనను బట్టి సుమారు 81 కోట్లుగా నిర్ణయమైంది. ఆ తర్వాత జనాభా పెరిగింది. ఆ పరిమితి పెరగలేదు. రేషన్ కార్డు లేకుండా మిగిలినవారిలో వలస కూలీలు, కొత్తగా కాపురం పెట్టిన పేద కుటుంబాలవారు ఉన్నారు. వారికి పండగరోజు అన్నదానం చేసేవారు చేయండి. అంతకంటే ముందు, ఆ లెక్కను సవరించమని మీ శాసనసభ్యుణ్ణీ పార్లమెంటు సభ్యుణ్ణీ అడగండి.